కొరకని దారం

నా దగ్గరికి మనుషులు రారు, వాళ్ళ దవడలు వస్తాయి. డాక్టరమ్మ రోగి నోట్లో తీసిన గులాబీరంగు అచ్చు, తడిగుడ్డ చుట్టుకుని, అట్టపెట్టెలో, పైన ఒక చీటీతో నా బల్లమీదికి చేరుతుంది. నేను అందులో ప్లాస్టర్ కలిపి పోస్తాను. ముప్పావుగంటలో అది రాయిలా గట్టిపడుతుంది. అచ్చు ఒలిచేస్తే ఒక మనిషి నోరు నా ముందు ఉంటుంది. నొప్పి అనదు. ఎప్పటికి అవుతుందని అడగదు.

ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పని. అరిగిన పళ్ళకి, విరిగిన పళ్ళకి క్యాపులు చేస్తాను. పన్ను పోయిన చోట అటూ ఇటూ ఉన్న పళ్ళని ఆసరా చేసుకుని బ్రిడ్జీలు కడతాను. అందుకే డాక్టరమ్మ నన్ను మేస్త్రి అంటుంది. ఆవిడ క్లినిక్ రెండు వీధుల అవతలే అయినా మేము ఏడాదికి నాలుగుసార్లు ఎదురుపడితే గొప్ప. ఏదున్నా ఫోనులోనే. నా గదికి ఒక కిటికీ, పింగాణీ కాల్చే చిన్న కొలిమి, ఒక బల్ల, గోడ పొడుగునా అరలు. అరల నిండా దవడలు. వాటి మధ్య ఒంటరిగా ఉన్నానని నాకెప్పుడూ అనిపించలేదు. అవి ఉన్నాయి కాబట్టే ఇంకెవరూ అక్కర్లేదనిపించేది.

పళ్ళు చూసి మనిషిని చెప్పగలనని నాకొక గర్వం ఉండేది. ఒకవైపే నమిలేవాళ్ళు, గోళ్ళు కొరికేవాళ్ళు, నిద్రలో పళ్ళు నూరేవాళ్ళు, కోపం వస్తే నోరెత్తకుండా బిగబట్టేవాళ్ళు, అందరి గుట్టూ అరుగుదలలో ఉంటుంది. ఇంట్లోవాళ్ళు రోజూ వినేది మనిషి పైకి చెప్పే మాట. నేను చూసేది ఆ మాట బయటికి రాకముందు లోపల పళ్ళు చేసిన పని. కాబట్టి వాళ్ళకంటే నాకే ఎక్కువ తెలుసనుకునేవాణ్ణి.

దర్జీ దవడ నా దగ్గరికి మొదటిసారి వచ్చి ఏడాది దాటింది. పై వరసలో ఎడమవైపు ముందు పన్ను తీసేశారు. దాని పక్కనే ఉన్న కుడి ముందు పన్ను అంచులో ఒక గాడి ఉంది. సన్నని ఆకురాయితో ఎవరో ఓపికగా గీసినట్టు, లోపలి గోడలు నున్నగా మెరుస్తున్న గాడి. చీటీమీద డాక్టరమ్మ 'దర్జీ, అరవై రెండేళ్ళు' అని రాయకపోయినా నాకు తెలిసేది. నలభై ఏళ్ళు దారం కొరికిన పన్ను అది.

ఊడిన పన్ను మధ్యలో, ఆసరా పళ్ళు అటొకటి ఇటొకటి, మొత్తం మూడు పళ్ళ బ్రిడ్జి చేశాను. గాడి పూడ్చేశాను. చీటీలో దాని ఊసే లేదు, నేనూ అడగలేదు. అంచు తిన్నగా, కింది పెదవి వంపుకి సరిపోయేలా తీర్చి, కొలిమిలోంచి తీసి కిటికీ వెలుతురులో చూసుకుని మురిసిపోయాను. నలభై ఏళ్ళ గాయాన్ని ఒక్క మధ్యాహ్నంలో మాన్పేశానన్నట్టు.

నాలుగు నెలలకి పింగాణీ పెచ్చు ఊడింది. ఈసారి మందంగా చేసి పంపాను. ఐదు నెలలు ఆగి అదీ విరిగింది. అప్పుడు డాక్టరమ్మ ఫోను చేసింది.

"మేస్త్రిగారూ, మీ కట్టడం మళ్ళీ కూలింది."

"ఎంత పోయింది?"

"మీ పింగాణీ ఒక్కటే అయితే నేను ఫోను చేయను. కింద అసలు పన్నుకి వెంట్రుకంత బీట పడింది. ఇంకొక్కసారి ఇలా అయితే ఆ వేరు నిలవదు. వేరు పోతే ఆసరా లేదు, ఇక బ్రిడ్జి మాటే లేదు. పళ్ళు తీసి గ్లాసులో పెట్టుకోవడమే. ఆ మాట అనగానే పాపం మొహం ఇంతయిపోయింది పెద్దాయనకి."

"దారం కొరుకుతున్నాడు."

"నేనూ అదే అన్నా. ఒట్టేశాడు, మొదటి బ్రిడ్జి పెట్టినప్పటినుంచీ ఒక్క పోగు కొరకలేదని."

"మీరు నమ్మారా?"

"రోజుకి రెండుసార్లు తోముతామని నా కళ్ళలోకి చూసి చెప్పేవాళ్ళని ఎంతమందిని చూశానో! అబద్ధం చెప్పే మొహం నాకు తెలుసు. ఇది అలా లేదు. కానీ కూతురు నమ్మట్లేదు. వెంట వచ్చిందిలెండి. 'మా నాన్న నోటికో తాళం వెయ్యండి డాక్టర్, తాళంచెవి నాకివ్వండి' అంది. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు."

విరిగిన బ్రిడ్జీ, కొత్త అచ్చులూ ఆ సాయంత్రమే వచ్చాయి. భూతద్దం కింద పెట్టుకుని కూర్చున్నాను. దారం చేసే పని నాకు తెలుసు. అంచులో ఒక్క చోటే, గోటి మొనంత పెచ్చు లేస్తుంది. ఇది అలా లేదు. పగులు పళ్ళ వెనకవైపు మొదలై ముందుకి వచ్చింది. వెనక, బీట పక్కన, గోధుమగింజంత మచ్చ అద్దంలా మెరుస్తోంది. అది రాపిడి. పన్ను మీద పన్ను పడి, ఆగి, నొక్కిన చోటు.

పై దవడనీ కింది దవడనీ ఇత్తడి చట్రంలో బిగించి మూశాను. ఆ మచ్చ దగ్గర కింది పన్ను తగల్లేదు, ఎడం ఉంది. కింది దవడని మెల్లగా ముందుకి జరిపాను. ఇంకాస్త. ఉన్నట్టుండి, తాళంలో చెవి కూర్చున్నట్టు, కింది పన్ను వెళ్ళి ఆ మచ్చలో కూర్చుంది. వేలితో కదిపినా కదల్లేదు.

అంటే ఈ మనిషి దవడ ముందుకి తోసి బిగిస్తున్నాడు. నిద్రలోనా? నిద్రలో నూరితే కోరపళ్ళూ దవడపళ్ళూ అరగాలి. అవి చెక్కుచెదరలేదు. మెలకువలోనే, రోజుకి ఎన్నోసార్లు, ముందు పళ్ళతో మాత్రమే. మరి పళ్ళ మధ్య ఏముంది? దారం లేదు. గుండుసూది లేదు. పగిలిన అంచుని ఎంత వెతికినా అక్కడ ఏ వస్తువు జాడా లేదు. ఏమీ లేనిదాన్ని ఎవరైనా అంత గట్టిగా ఎందుకు కొరుకుతారు?

దవడని బల్లమీద పెట్టి చాలాసేపు చూశాను. మొదటిసారిగా నా ప్లాస్టర్ నాకు ఏమీ చెప్పలేదు. మనిషిని చూడాలి అనిపించింది. అనిపించగానే వద్దు అనిపించింది కూడా. పళ్ళు విరిగింది నా చేతిలోని లోపం వల్లే అయితే, ఆ మాట నేను ఆయన మొహంలో చదవాల్సి వస్తుంది. ప్లాస్టర్‌తో నాకు కుదిరిన స్నేహం అసలు దేనిమీద నిలబడిందో అప్పుడు కొంచెం అర్థమైంది. అది నన్ను తిరిగి చూడదు.

రెండు రోజులు వాయిదా వేసి, మూడోరోజు రెండు పాత చొక్కాలు సంచీలో వేసుకుని బయల్దేరాను. గుండీలు ఊడినవి కొన్ని. మిగతావి నేనే ఊడబెరికాను.

దుకాణం ఒక మేడమెట్ల పక్కన, సగం దించిన షట్టరు వెనక ఉంది. మూడు మిషన్లు, ఒక నిలువుటద్దం, గోడ మేకులకి రంగురంగుల దారపు కండెలు, నేలంతా గుడ్డపీలికలు. కత్తిరింపు బల్ల దగ్గర ముప్పై ఏళ్ళ అమ్మాయి, మెడలో కొలత టేపు. కూతురన్నమాట. లోపల స్టూలు మీద దర్జీ. నాకు తెలియని మొహం, అణువణువూ తెలిసిన దవడ. డాక్టరమ్మ పెట్టిన తాత్కాలికపు పళ్ళు కాస్త తెల్లగా ఉన్నాయి.

"కొత్తవా, రిపేరా?" అంది అమ్మాయి.

"గుండీలు కుట్టాలి."

ఆమె చొక్కాలు విప్పి చూసింది. "ఎవరితో కలబడ్డారు సార్? ఒక్కటీ మిగల్లేదు."

"వాటంతటవే ఊడిపోయాయమ్మా."

"వాటంతటవే ఊడితే దారం మిగులుతుంది. ఇవి గుడ్డతో సహా వచ్చాయి." నన్నొకసారి ఎగాదిగా చూసి చొక్కాలు తండ్రివైపు విసిరింది. "నాన్నా, గుండీలు. చేత్తో కుట్టాలి. నేను చూస్తుంటా."

చివరి మాట ఎందుకో నాకు తెలుసు. నేను గోడ పక్కనున్న బల్ల మీద కూర్చున్నాను.

ఆయన సూదిలో దారం ఎక్కించాడు. గుండీ పెట్టి నాలుగు పోట్లు పొడిచి, కింద ముడి బిగించాడు. కుడిచేయి దారాన్ని లాగుతూ పైకి లేచింది. తిన్నగా నోటి దగ్గరికి. పెదవికి జానెడు దూరంలో ఆగిపోయింది. ఆ ఆగిన క్షణంలో దవడ ముందుకి జరిగింది, చెంపమీద కండ ఒకటి ఉబికింది, మెడ నరం బిగిసింది. తర్వాత చేయి కిందికి దిగింది, ఒళ్ళో గుడ్డకింద తడుముకుని కత్తెర తీసింది, దారం తెంపింది. అప్పటిదాకా దవడ వదల్లేదు. రెండో గుండీకీ అంతే. మూడోదానికీ అంతే. రెండు చొక్కాలు పూర్తయ్యేసరికి పద్నాలుగుసార్లు లెక్కపెట్టాను. ఆయన మొహంలో ఏ శ్రమా లేదు. మనిషికి తెలియకుండా ఒళ్ళు చేస్తున్న పని అది.

అలవాటు మానేశానని ఆయన అనుకుంటున్నాడు. నిజమే, దారం మానేశాడు. కొరకడం మానలేదు. ఒట్టు నిలబెట్టుకోవడానికి పంటి బిగువున చేతిని ఆపుకుంటున్నాడు, ఆ బిగువే పళ్ళని విరుస్తోంది.

అమ్మాయి చొక్కా అందుకుని, వెనక్కి తిప్పి, ముడుల దగ్గర దారం కొసల్ని ఒక్కొక్కటే వేలితో తడిమింది. తడి ఉందేమోనని.

"చూసుకో తల్లీ, బాగా చూసుకో," అన్నాడు దర్జీ. "ఉమ్ము కనపడితే నన్ను పోలీసులకి పట్టించు."

"ఇవాళ కనపడలేదు. నేను లేనప్పుడు ఎవరు చూడొచ్చారు? దయ్యం వచ్చి విరగ్గొట్టి వెళ్తోందా పళ్ళని?"

"ఏమో, దయ్యమేనేమో. నువ్వు నమ్మవుగా."

నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ 'నమ్మవుగా' దగ్గర గొంతు ఒక్క పిసరు దిగింది. వేరు పోతుందన్న భయం కంటే ఈ మాట ఆయన్ని ఎక్కువ తినేస్తోందని నాకనిపించింది. దవడల్లో ఇది ఎన్నడూ కనపడలేదు నాకు.

"ఆయన కొరకట్లేదమ్మా," అన్నాను.

ఇద్దరూ నావైపు తిరిగారు.

"మీకెలా తెలుసు?" అంది అమ్మాయి.

"మీ నాన్నగారి పళ్ళు చేసింది నేనే."

దర్జీ కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని నా చేతులకేసి చూశాడు. "అయితే ఏడాదిగా నా నోట్లో ఉన్నది ఈ చేతి పనేనన్నమాట. నమస్కారం తమ్ముడూ. గుండీలు కూడా నువ్వే పీకేసి ఉంటావు."

"అవునండీ."

"అనుకున్నా. గుడ్డ చిరిగేలా పీకావు. పనివాడివే కానీ మన పని కాదు నీది." తర్వాత, చాలాకాలంగా అడగాలనుకున్న మాటలా, "ఆ గాడి ఎందుకు పూడ్చేశావు?" అన్నాడు.

"బాగుండదని."

"ఎవరికి?"

ఆయన కోపంగా అడగలేదు, తెలుసుకుందామనే అడిగాడు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

"దారం వెళ్ళి అందులో తనంతట తనే కూర్చునేది," అన్నాడు. "చూసుకోనక్కర్లేదు. పన్ను ఇలా తాకిస్తే చాలు, తెగేది. నువ్వు పూడ్చాక నా నాలుక మూడు నెలలు వెతికింది. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు వేస్తామే, అలా ఉండేది."

నేను చూసింది చెప్పాను. చేయి పైకి లేవడం, జానెడు దూరంలో ఆగడం, దవడ ముందుకి జరగడం. ఆయన నమ్మలేదు. ఒక గుడ్డపీలిక మీద ఇంకో గుండీ కుట్టి, చేయి లేచినప్పుడు తన చెంపమీద తనే వేళ్ళు పెట్టుకున్నాడు. వేళ్ళకింద కండ ఉబకగానే ఉలిక్కిపడ్డాడు.

"ఓరి దీని సిగతరగ! ఇదెప్పటినుంచి?"

"కొరకనని మాటిచ్చినప్పటినుంచి."

అమ్మాయి టేపు మెడలోంచి తీసి వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. "నేను చూస్తున్నానంటే ఇంకా గట్టిగా బిగిస్తాడా?" అని నన్ను అడిగింది, తండ్రిని కాదు.

"అవ్వొచ్చు."

ఆమె స్టూలు లాక్కుని తండ్రి పక్కన కూలబడింది. "దవడ నొప్పెడుతోందని నాతో చెప్పొచ్చుగా నాన్నా."

"చెబితే కొరికానంటావు."

ఆమె ఆయన ఒళ్ళోంచి కత్తెర తీసి బల్లమీద పెట్టేసింది. మళ్ళీ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఏది సరైనదో తోచక చేసినట్టుంది.

అక్కణ్ణుంచి నేరుగా క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరమ్మ నన్ను చూసి, "ఏమైంది, మీ ఇల్లు కాలిపోయిందా?" అంది. నేను ఫోను చేయకుండా రావడం ఆవిడ ఎరగదు.

చెప్పవలసింది చెప్పాను. పళ్ళ వెనకవైపు పింగాణీ వద్దు, మొత్తం లోహం వేస్తాను. వెనక చిన్న అరుగులాంటిది కడతాను. దవడ ముందుకి వచ్చినా బరువు బీట పడ్డ పన్ను ఒక్కదానిమీదే పడకుండా మూడింటిమీదా పరుచుకుంటుంది. అంతవరకూ ఆవిడ తల ఊపుతూనే ఉంది.

"అంచులో గాడి పెడతాను," అన్నాను. "దారం కొరుక్కోనివ్వండి."

ఆవిడ చేతి తొడుగులు విప్పుతున్నదల్లా ఆగింది. "మేస్త్రిగారూ, ఆ గోడమీద బొమ్మ చూశారా? పళ్ళు కత్తెర కాదు అని నేనే రాయించి పెట్టా. ఇప్పుడు కత్తెర చేసి నోట్లో అతికించమంటారా?"

"దారానికి బరువెంత డాక్టరమ్మా? ఆపుకోవడానికే బరువు. నలభై ఏళ్ళు కొరికితే ఆ పన్నుకి గాడి పడింది కానీ బీట పడలేదు. కొరకడం మానిన ఏడాదిలో పడింది."

"మీరు తప్పైతే?"

"వేరు పోతుంది."

"ఆయన వేరు. మీదీ కాదు, నాదీ కాదు."

ఆవిడ అన్నది న్యాయం. మామూలుగా అయితే నేను ఇక్కడ 'సరే, మీ ఇష్టం' అని ఫోను పెట్టేసేవాణ్ణి. పెట్టెయ్యడానికి చేతిలో ఫోను లేదు.

"ఆయన్నే అడుగుదాం," అన్నాను చివరికి.

ఆవిడ అడిగింది. ఏం పోవచ్చో దాపరికం లేకుండా చెప్పింది. దర్జీ ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ షరతులు పెట్టింది: సన్నదారమే, గుండీల దారం రెండు పేటలు చేసి కొరకకూడదు, తేలిగ్గా ఊడివచ్చే తాత్కాలిక సిమెంటు మీదే మూడునెలలు ఉంచి, తర్వాత తీసి చూసి, అప్పుడు నిర్ణయం.

లోహం పోసి, ముందువైపు పింగాణీ కాల్చి, గాడి మాత్రం పెట్టకుండా క్లినిక్‌కి తీసుకెళ్ళాను. గాడి ఎక్కడుండాలో నా ప్లాస్టర్‌కి తెలియదు. ఆయన చేతికి తెలుసు. డాక్టరమ్మ బ్రిడ్జి నోట్లో కూర్చోబెట్టింది. కూతురు దారం ఇచ్చింది. ఆయన చేయి ఎప్పటిలా లేచింది, జానెడు దూరంలో ఆగింది. ఏడాది అలవాటు.

"ఊఁ, కానివ్వండి," అంది డాక్టరమ్మ, ఆ మాట తన నోటినుంచి వస్తున్నందుకు మొహం చిట్లించుకుంటూ.

దారం అంచుమీద జారిపోయింది. ఎక్కడ జారిందో సిరా పెన్నుతో చుక్క పెట్టి, బయటికి తీసి, కిటికీ దగ్గర నిలబడి సన్నని రాయితో గీశాను. మళ్ళీ పెట్టారు. మళ్ళీ జారింది. "ఇంకొంచెం కుడికి తమ్ముడూ. చేయి పక్కనుంచి వస్తుంది, ఎదురుగా రాదు. వాలుగా గియ్యి." వాలుగా గీశాను. మరీ లోతు వద్దన్నాడు, దారం ఇరుక్కుంటుందట. నాలుగోసారి దారం వెళ్ళి కూర్చుంది. టిక్ అని చిన్న చప్పుడు. ఆయన తెగిన కొసని వెలుతురుకెత్తి చూసుకున్నాడు.

ఆ మూడు నెలలూ నేను అరల్లోని దవడలతో మునుపటిలా ఉండలేకపోయాను. ఒక్కోదాన్ని చూసి ఇది ఇలాంటి మనిషిది అనుకోబోయి, ఏమో అనుకునేవాణ్ణి. చీటీలో లేని ప్రశ్నలు ఫోనులో అడగడం మొదలుపెట్టాను. డాక్టరమ్మ రెండుసార్లు విసుక్కుంది, మూడోసారి అడగకముందే చెప్పింది.

గడువు రోజున డాక్టరమ్మ బ్రిడ్జిని మెల్లగా తట్టి తీసింది. కింద పన్నుని సూదిమొనతో పరీక్షించింది. బీట ఎంతుందో అంతే ఉంది. బ్రిడ్జి నా అరచేతిలో పెట్టింది. భూతద్దం తీశాను. గాడిలో సన్నని మెరుపు. వెనక నేను కట్టిన అరుగుమీద మెరుపు మచ్చ కోసం ఎంతసేపు వెతికినా దొరకలేదు. మొదటిరోజు నేను మెరుగుపెట్టకుండా వదిలిన మసకదనమే అంతటా ఉంది. ఆ దవడ ముందుకి రావడం మానేసింది.

"ఏమంటారు?" అంది డాక్టరమ్మ.

"పెట్టెయ్యండి."

గట్టి సిమెంటు కలిపి పెట్టేసింది. ఇక అది నా చేతికి రాదు. దర్జీని అరగంట బయట కూర్చోమంది, ఏమీ తినకుండా, నోరు కదపకుండా. బయటి గదిలో వరస కుర్చీల్లో ముగ్గురం కూర్చున్నాం. నేను వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. దర్జీ చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షహాల్లో పిల్లాడిలా నిటారుగా ఉన్నాడు. కూతురు సంచీలోంచి ఏదో లంగా తీసి, అంచు కుట్టసాగింది. సాయంత్రానికి ఇవ్వాలట. ఆ పనిలో పడి మమ్మల్ని మర్చిపోయింది. అంచు పూర్తయింది, ముడి వేసింది. దారం లాగింది, చేయి లేచింది, తల ఒక్క పిసరు వంగింది. పటుక్కున కొరికేసింది. తనేం చేసిందో తనకి తెలియలేదు. సూదిని దారపు కండెకి గుచ్చి, లంగా మడతపెట్టడం మొదలుపెట్టింది.

దర్జీ నావైపు చూశాడు. నోరు కదపకూడదు కాబట్టి, చెప్పొద్దు అన్నట్టు కళ్ళతోనే సైగ చేశాడు. ఆయన పెదవులు వదులుగా మూసుకుని ఉన్నాయి. చెంప నున్నగా, నిశ్చలంగా ఉంది. నేను కూడా ఏమీ అనకుండా, అరగంట అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.